గీత మారెనని అలిగెడివారికి

2025వ సంవత్సరము జనవరిలో ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ అను చిత్రము తెలుగు మాటలతో మన సినిమా హాళ్లకు వచ్చినది, అదే యేడు సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ అను మరియొక చిత్రమును తెలుగు మాటలతోనే వచ్చినది. మొదటిది యూగో సాకో అను జపాను దేశీయుని పూనికతో, మన రామ్ మోహన్ తోడ్పాటుతో, 1992 నాటికి చేతితో గీయించి ముగించిన యానిమే. రెండవది కంప్యూటరులో రంగులు నింపుకొని వచ్చిన నేటి సరకు. ముప్పదిమూడేండ్ల యెడమున్న యీ రెండింటిని ఎనిమిది మాసముల వ్యవధిలో, ఇంటరు చదువుచున్న మనుమని ప్రక్కను కూర్చుండి చూచు అవకాశము నాకు కలిగినది. మొదటి చిత్రము నడుచుచుండగా వాడు నా చెవిలో, “బొమ్మలు బాగా పాతగా ఉన్నాయి కదా తాతయ్యా” అన్నాడు. రెండవది ముగిసి దీపములు వెలిగినప్పుడు, “కళ్లు జిగేల్మన్నాయిరా, ఇంత హడావుడి దేనికి?” అని నేనంటిని. ఇంటికి చేరునంతవరకు ఇద్దరమును కొంత ముభావముగనే యుంటిమి.

ఈ ముభావము మా యిద్దరికే చెందినది కాదు. జపాను బొమ్మల కథలను, అచ్చులో నున్నప్పుడు మాంగా యనియు తెరమీద కదలినప్పుడు యానిమే యనియు వ్యవహరింపబడు వానిని, ప్రీతితో చూచువారు ఏ దేశమున నున్నను రెండు పక్షములుగా చీలియుందురు. తొంబదులనాటి గీతలో ప్రాణముండెను, నేటిది ఒట్టి మెరుగు అనువారొక పక్షము. పాతవానిలో ముఖములు వంకర, నడక కుంటి, చూడజాలము అనువారు వేరొక పక్షము. పరస్పరము పొసగని యీ యిరువురకును ఒక విశ్వాసము మాత్రము ఉమ్మడి: గీత మారుట యనునది చిత్రకారుని రుచిలోనో బుద్ధిలోనో పుట్టిన మార్పే యని. నాకట్లు తోచదు. గీతను మార్చునది మొదట కాగితము, పిదప కలము, ఆ పిదప గడువు, వీని యన్నింటి వెనుక కూలి. చిత్రకారుని చిత్తము వీనితో పెనగులాడి గెలిచినంత మేరకే తన ముద్ర వేయగలుగును.

మా తరమువారికి ఈ సంగతి వెంటనే స్ఫురింపకపోవుటకు ‘చందమామ’ కొంత కారణము. శంకర్ గీచిన విక్రమార్కుడు చేత కత్తియు భుజమున శవమును ధరించి నెల నెలయు మా యిండ్లకు వచ్చెడివాడు; మేము పెద్దవారమైతిమి, ఉద్యోగములలో చేరితిమి, మా పిల్లలు అదే పత్రికను చదువ మొదలిడిరి, అతడు మాత్రము అదే శ్మశానమున అదే ఠీవితో నడచుచునే యుండెను. బొమ్మ యనగా మారనిది యను సంస్కారము మాకు అట్లు ఏర్పడిపోయినది. ‘చందమామ’ 1947 జులైలో వెలువడినది. అదే యేటి జనవరిలో, యుద్ధమున చితికిన ఒసాకా నగరమునుండి, పద్దెనిమిదేండ్ల వైద్యవిద్యార్థి యొకడు బొమ్మలు గీచిన ‘షిన్ తకరజిమా’, అనగా ‘నూతన రత్నద్వీపము’, వెలువడినది. ఇది కాకతాళీయమే. కాని ఆ కుర్రవాడు, ఒసాము తెజుకా, అటుపిమ్మట బ్రతికిన నలువది రెండేండ్లలో తన గీతను ఎన్నిమారులు విరిచి అతికించుకొనెనో చూచినచో, మేము విక్రమార్కునితో నేర్చిన పాఠము సర్వత్ర చెల్లదని తేటపడును.

ఆ తొలి పుస్తకము ‘ఆకాహోన్’ అనబడు చౌక ముద్రణలలోనిది. ఎర్రని అట్ట, గరుకు కాగితము, మిఠాయి దుకాణములలో అమ్మకము. నాలుగు లక్షల ప్రతులు చెల్లినవని ప్రసిద్ధి. అట్టి కాగితముమీద సిరా పాకును. సన్నని గీత నిలువదు. తెజుకా గీచిన కన్నులను ఒకమారు దగ్గరగా చూడుడు: నిలువుగా సాగిన నల్లని గ్రుడ్డు, దానిపై ఒక తెల్లని వెలుగుతునక, పైన రెప్పకొక మందపు గీత. సిరా కొంత పాకినను ఆ కన్ను చెడదు. బొమ్మ గోరంత యైనను ఏడ్చుచున్నదో నవ్వుచున్నదో తెలిసిపోవును. ఆ పెద్ద కన్నులు డిస్నీ చిత్రములనుండి వచ్చినవని అందరు నందురు, అది నిజమే. కాని అతడు పెరిగిన ఊరు తకరజుకా. అచ్చట అందరును స్త్రీలే పురుషవేషములు సైతము ధరించి ఆడు సుప్రసిద్ధ నాటకశాల కలదు. కడపటి వరుసలో కూర్చున్న ప్రేక్షకునికి గూడ భావము తెలియవలెనని ఆ నటీమణులు కన్నులను ఎట్లు దిద్దుకొందురో ఆ బాలుడు తల్లితో పోయి చూచినవాడే. మన కూచిపూడివారికిని కథకళివారికిని ఇది వేరుగ చెప్పనక్కరలేదు. దూరమునుండి చూచువాని కొరకు కన్ను పెద్దదగును, అంతియే రహస్యము.

1963 జనవరి 1వ తేదీన అతని ‘అణుబాలుడు’, జపానులో ‘తెత్సువాన్ ఆటమ్’, టెలివిజనుకు ఎక్కినది. వారమునకు అరగంట కథ; కావలసిన ధనము లేదు, మనుష్యులు లేరు, వ్యవధి అసలే లేదు. సినిమా రీలులో సెకనుకు ఇరువదినాలుగు చట్రములు పరుగెత్తును. తెజుకా తన ‘ముషి ప్రొడక్షన్’లో ఒక్కొక్క బొమ్మను మూడేసి చట్రములపాటు నిలిపి సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టెను, అవియు కూడిరానప్పుడు ముఖమును కదలనీయక పెదవులను మాత్రము కదలించెను, ఎగురుట, పరుగెత్తుట మొదలగు దృశ్యములను భద్రపరచి, పొదుపరి యిల్లాలు పాత చీరెను దిండుగలీబుగా కుట్టినట్లు, మరల మరల వాడుకొనెను. 193 భాగములు అట్లు నడచినవి. నేడు యానిమేకు సహజసౌందర్యమని మనము కొనియాడు నిశ్చలత, అనగా కదలని ముఖము, గాలికి ఊగు ముంగురులు, క్షణమొకటి ఆగిపోయినట్లుండు దృశ్యము, ఇదంతయు ఆనాటి చేతి ఇరుకునుండి పుట్టిన బిడ్డయే. ఆ ముషిలోనే పని నేర్చిన ఒసాము దెజాకి, తరువాత తాను దర్శకుడై, కథ పతాకస్థాయి నందుకొనగనే కదలికను బొత్తిగా ఆపి, ఆ నిలిచిన బొమ్మను వర్ణచిత్రమువలె తిరిగి గీయించి చూపినాడు. కదలించుటకు డబ్బు లేకపోవుట ఆ విధముగ అలంకారమైనది.

తెజుకా గుండ్రని గీతకు దెబ్బ వేరొక దిక్కునుండి తగిలెను. మన పట్టణములలో ఒకప్పుడు సందుకొకటి యుండిన అద్దె పుస్తకాల దుకాణములవంటివే జపానులోను ఉండెడివి. వానికి వచ్చు పాఠకులలో పలువురు బడిపిల్లలు కారు. కార్ఖానాలలో చెమటోడ్చు యువకులు. వారికి తోకయూపు కుక్కపిల్లయు గుండ్రని బుగ్గలును ఏల? 1957లో యోషిహిరో తత్సుమి తన రచనలకు మాంగా యను పేరు వలదని, ‘గెకిగా’, అనగా నాటకీయచిత్రములు, అని నామకరణము చేసెను. గీత గరుకెక్కినది, నీడలు చిక్కబడినవి, ముఖములకు ఎముకలు వచ్చినవి. తెజుకా అసూయపడెను, ఆ సంగతి అతడు దాచుకొనినవాడును కాడు. 1967లో ‘కామ్’ అను పత్రికను తాను స్వయముగ స్థాపించి ప్రయోగములు చేసెను. అయినను అతని బొమ్మ పాతబడినదను మాట నానాటికి బలపడెను. 1973లో ముషి దివాలా తీసెను. నలువది యైదేండ్ల వయసున, అప్పులవారు తలుపు తట్టుచుండగా, ఆ యేటి నవంబరులోనే అతడు ‘బ్లాక్ జాక్’ను ఆరంభించెను. లైసెన్సు లేని శస్త్రవైద్యుని కథ యది. ఆ వైద్యుని ముఖము నెవ్వరైనను మరువగలరా? సగము తెలుపు జుట్టు, సగము నలుపు. చెంపనుండి నుదుటివరకు కుట్లు. ఒక ప్రక్క చర్మమునకు వేరు రంగు. నాకు ఆ ముఖము తెజుకా గీత యొక్క ఆత్మకథవలెనే తోచును: పాత గుండ్రదనమును కొత్త గరుకుదనమును పైకి కనబడునట్లుగ కుట్టి అతికిన ముఖము. వైద్యవిద్యార్థియై యుండి విడిచిన కత్తి అతనికి అక్కరకు వచ్చినది.

ఆ దశకముననే అతడు గీచిన ‘బుద్ధ’ (1972–1983) మనవారికి చదువదగినది. అమరావతి శిల్పములను చూచి పెరిగిన కన్నుకు ఆ కపిలవస్తువు మొదట వింతగ, ఒక్కొక్కచోట అపచారముగ గూడ తోచవచ్చును. హాస్యపు ముక్కులవారును గంభీరమైన అడవులును ఒకే పుటలో నుండును. నాకును తోచినది. రెండవ సంపుటమునకు వచ్చుసరికి ఆ జంకు పోయినది.

బాలికల పత్రికలలో గీత నడచిన త్రోవ వేరు. అచ్చట కన్ను చిన్నది కాలేదు సరికదా, దానిలో నక్షత్రములు మొలచినవి. 1972లో రియోకో ఇకెదా ఆరంభించిన ‘వెర్సాయ్ గులాబి’ ఫ్రెంచి విప్లవకథ. గళ్లు గళ్లుగ నుండవలసిన పుటను పూవులును కేశములును ఆక్రమించి గడిగీతలను త్రెంచివేసినవి. మగవారు దీనిని చూచి నవ్విరి. తరువాత వారే ఆ పుటల కూర్పును అనుకరించిరి.

పిదప 1982లో కత్సుహిరో ఒతోమో ‘అకిరా’తో కన్నులను చిన్నవి చేసి, జపానువారికి జపాను ముఖములను తిరిగి యిచ్చెను. పగిలిన అద్దము, కూలిన వంతెన, ఇనుపకమ్ములు తేలిన కాంక్రీటు ఆ పుటలలో మనుష్యులకంటె శ్రద్ధగా గీయబడినవి. 1988లో అది చలనచిత్రమైనప్పుడు లక్షా అరువదివేల సెల్లులు గీయవలసివచ్చినవి, 327 రంగులు వాడిరి, వానిలో ఏబది ఆ చిత్రము కొరకే కొత్తగ కలిపినవి. సెల్లు అనగా పారదర్శకమైన రేకు. ముందువైపు గీత, వెనుకవైపు రంగు. అంత ధనము పోసినప్పుడు గీత ఎట్లుండగలదో ‘అకిరా’ చూపినది; అంత ధనము ప్రతిమారు దొరకదు గనుకనే అట్టి చిత్రము మరల తరచుగ రాలేదు. ధనము గాక శ్రమయే గీతను మార్చిన ఉదాహరణమును తరువాతి దశకము అందించినది. ‘డ్రాగన్ బాల్’ నాయకునికి కోపము పరాకాష్ఠ నందగనే నల్లని జుట్టు బంగారువన్నెకు తిరుగును. లోకమంతట కుర్రకారు ఆ ఘట్టమునకు ఒడలు పులకరించి కేకలు వేసిరి. ఆ మార్పునకు హేతువులలో ఒకటి ఏమనగా, నలుపు తెలుపుల పుటలో బంగారుజుట్టును ఖాళీగ విడువవచ్చును, సహాయకుడు గంటలతరబడి సిరా పులుమ నక్కరలేదు. ఈ మాట అన్నది విమర్శకులు కారు, ఆ కథను గీచిన అకిరా తొరియామాయే. వారము వారము పుటలు అప్పగింపవలసినవానికి సిరాబుడ్డి గూడ శత్రువే.

ఒకనాడు మనుమడు ‘స్లామ్ డంక్’ మొదటి సంపుటమును, ముప్పది యొకటవ సంపుటమును నా బల్లమీద ప్రక్కప్రక్కన పరచి, “ఈ రెండూ ఒకడే వేశాడంటే నమ్ముతావా తాతయ్యా?” అన్నాడు. కండ్లద్దములు సవరించుకొని చూచితిని. మొదటిదానిలో సకురాగి యను ఎర్రజుట్టు కుర్రవాడు. కాళ్లు మరీ పొడుగు, నడుము మరీ సన్నము, పుట పుటకు ముఖము పూరీవలె ఉబ్బి నవ్వించును. కడపటిదానిలో వాడే, జుట్టు కత్తిరించుకొని, బాస్కెట్‌బాల్ ఆటస్థలమున వంగి నిలిచియున్నాడు. మణికట్టున నరము తేలియున్నది. గడ్డముమీది చెమటచుక్క పడబోవుచున్నది. బూటు నేలను పట్టిన పట్టులో శరీరపు బరువంతయు తెలియుచున్నది. ఆట ముగియుటకు కొన్ని క్షణములున్నవనగా దానిని గీచిన తకెహికో ఇనోవే మాటలను తీసివైచెను. బుడగలు లేవు, చప్పుడును సూచించు అక్షరములు లేవు. పుట వెంబడి పుట ఒట్టి గీతయే పరుగెత్తును. 1990లో ఆరంభించునాటికి అతనికి ఇరువదిమూడేండ్లు. 1996లో ముగించునాటికి 276 అధ్యాయములు గీచియుండెను. మన సంగీతవిద్వాంసులు సాధకము అనుదురే, అది యిదియే. ఒక్కటే భేదము, వారు తలుపులు మూసికొని చేసెడిదానిని ఇతడు లక్షలాది పాఠకుల యెదుట, వారమునకొక గడువు మెడపై నుండగా చేసెను. తొలి పుటలలోని తప్పులు దిద్దుకొనుటకు వీలులేక అచ్చులో అట్లే నిలిచిపోయినవి. నాకు ఆ తప్పులును ఇష్టమే.

అంతటితో ఆగెనా? 1998లో ‘వాగబాండ్’ అను మాంగా మొదలిడి, కొంతదూరము పోయిన పిమ్మట కలము క్రిందపెట్టి కుంచె పట్టెను. 2022లో ‘ది ఫస్ట్ స్లామ్ డంక్’ చిత్రమునకు తానే దర్శకుడై, కంప్యూటరు బొమ్మలతో పాత కథను తిరిగి చెప్పెను. విడుదలకు ముందు చూపిన తునకలను జూచి పాత అభిమానులు పలువురు పెదవి విరిచిరి; మా సకురాగిని మాకు పూర్వమువలెనే తిరిగి యిమ్మనిరి. చిత్రారంభమున తెల్లని తెరమీద ఒక పెన్సిలుగీత పుట్టి, కాలగును, చేయగును, భుజమగును. ఒక్కొక్క ఆటగాడు అట్లు గీయబడుచునే లేచి మనవైపు నడచివచ్చును. తన చేయి ముప్పదిరెండేండ్లలో ఎచ్చటికి వచ్చినదో ఇనోవే ఆ యొక్క నిమిషమున చెప్పినాడు. మన బాల్యమును మనకు తిరిగి యిచ్చు బాధ్యత చిత్రకారునిపై లేదు. హొకుసాయి మహాశయుడు, ఏ రేఖాచిత్రసంపుటములకు ‘మాంగా’ యని 1814లో పేరిడెనో ఆయన, జీవితమున ఇంచుమించు ముప్పది పేర్లు మార్చుకొనెను. చేయి మారినప్పుడు సంతకము మాత్రము పాతది ఏల యని కాబోలు!

ఇక నేటి గీతను గురించి నా అభియోగమును దాచను, కాని అది మా తరమువారు సాధారణముగ మోపునది కాదు. తొంబదుల చివర సెల్లులు పోయి కంప్యూటరు రంగులు వచ్చినవి. 2011 జులైలో జపానులో అధికభాగమున పాత ప్రసారపద్ధతి ఆగిపోయి, వెడల్పాటి తెర, సన్నని వెండ్రుకనైనను విడదీసి చూపు తెర, ఇంటింటికి వచ్చినది. పాత తెరమీద మందపు గీత చెల్లెను. ఈ తెరమీద మోటుగ కనబడును. కావున గీత సన్నగిల్లినది, కంటిపాపలో మెరుపులు మూడు నాలుగైనవి, కేశములలో పాయ పాయకు వెలుగునీడలు చేరినవి. రామాయణచిత్రమున లంక కాలునప్పుడు ప్రతి జ్వాలయు ఎవరో ఒకరి చేతిగీత. ‘డీమన్ స్లేయర్’లో కత్తివెంట లేచు నీటితరగలు హొకుసాయిని తలపించుచునే కంప్యూటరు వెలుగులో మునిగియున్నవి. రెండును పనితనమే. యంత్రము వచ్చి కళను చంపినదనువారు ఇసావో తకహతా 2013లో తీసిన ‘రాకుమారి కగుయా’ను చూడవలెను. విందునాటి రాత్రి అవమానము సహింపలేక ఆ బాలిక తలుపులు త్రోసికొని పరుగిడును. పరుగు హెచ్చినకొలది గీత చెదరి, ముఖము పోయి, ఉడుపుల రంగు పోయి, కడకు బొగ్గుతో బరికినట్లు గీతలు మాత్రము చీకటిలో దూసికొనిపోవును. అదియు కంప్యూటరు యుగపు చిత్రమే. కాకున్న గీతను అంత విడిగ నిలుపుట దుస్సాధ్యము.

నా అభియోగము ముక్కును గురించి. జపాను బొమ్మల చరిత్రలో మిక్కిలి నష్టపోయిన అవయవమది. క్రమముగ గీతయై, నీడయై, కడకు చుక్కయై, కొన్నిచోట్ల ఆ చుక్కయు లేక నిలిచినది. కన్నులకు వచ్చిన ఐశ్వర్యమంతయు ముక్కును అమ్మి తెచ్చినట్లున్నది. ఇది ఏ ఒక్కరి చేతివాటమైనను నేను మాటాడను. కాని నేడు ఏటికి వందలకొలది వరుసలు వచ్చుచుండగా, పెట్టుబడిదారులు ఒక ముఖము అమ్ముడుపోయినచో దానినే పది కథలకు తగిలింతురు. ఒక ముఖముపై ఒక్క గీత హెచ్చినచో దానిని వేలమారులు తిరిగి గీయవలసినవారు, రెండు ముఖ్యభంగిమల నడుమ బొమ్మలు పూరించు అడుగు పనివారు, బొమ్మకింత అని కూలి పుచ్చుకొనువారు. వారికి వ్యవధియు కూలియు పెంచనంతకాలము, కన్నులకు మెరుపులు పెరుగుచునేయుండి ముఖములకు వేర్పాటు లోపించుట తప్పదు. గీత మారినందుకు నేనలుగను; అందరిదియు ఒకే దిక్కుకు మారినందుకు అలుగుదును.

మార్పు బొత్తిగ వలదనువారికి ఒక్కరు మిగిలియున్నారు. మచికో హసెగావా 1946లో సృష్టించిన సజాయె-సాన్ అను ఇల్లాలు 1969నుండి టెలివిజనులో ప్రతి ఆదివారము కనబడుచున్నది. ఆమె తలకట్టు మూడుముద్దలుగ నాటికి నేటికి ఒకటే. ఆమెయు 2013 వరకు సెల్లులను పట్టుకొని వ్రేలాడి, తక్కినవారందరు విడిచిన ఏండ్లకు, కంప్యూటరులోనికి కాలు పెట్టక తప్పలేదు.

మనుమనితో నేనిప్పుడొక ఒడంబడిక చేసికొంటిని. పాఠకులకును దానినే మనవి చేయుచున్నాను. ఏ మాంగా నైనను యానిమే నైనను తిట్టబోవునప్పుడు ముందుగ అది వెలువడిన సంవత్సరమును చూడుడు. వారపత్రిక కొరకు గీచినదా మాసపత్రిక కొరకా, సెల్లుమీదిదా కంప్యూటరుదా, గీచినవాడు ఆనాటికి ఎన్నియేండ్లవాడు అని విచారింపుడు. ఆ పిమ్మట గూడ తిట్టవలెననియే తోచినచో, నిరభ్యంతరముగ తిట్టుడు.